జింకు చల్లినా తిరగని చీనీ చెట్టు

ఖాజీపేట మొదలు పులివెందుల దాకా ఏ చీనీ తోటలో అడిగినా, ఆకు పసుపుబారితే ముందు వినవచ్చే మాట “జింకు తక్కువైందబ్బా” అని. సున్నం పాలు హెచ్చుగా వుండే నేలల్లో అది చాలాసార్లు నిజమే. జింకు చల్లితే ఆకు తేరుకుంటుంది. కాని ఎన్నిసార్లు చల్లినా తిరగని చెట్లు కొన్ని వుంటవి. వాటి విషయంలో మనమే కాదు, పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా చాలా ఏండ్లు పొరబడినారు.

దక్షిణాఫ్రికాలో 1920ల చివర నారింజజాతి పండ్లు సరిగా రంగు తిరగక, కొంత పచ్చగానే వుండిపోవడం చూచి, దీనికి గ్రీనింగు అని పేరు పెట్టినారు. నేలలోని ఖనిజాల దోషమని అనుకున్నారు. 1956లో చైనాలో లిన్ కుంగ్ షియాంగ్ ఈ జాతి రోగమే అంటు ద్వారా సోకుతుందని రుజువు చేసినాడు. 1965లో దక్షిణాఫ్రికావారు దీన్ని సిల్లా అనే చిన్న పురుగు మోస్తుందని తేల్చినారు. మరుసటి ఏడు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞురాలు లిలియన్ ఫ్రేజరు, మనవారితో కలిసి, మన దేశపు తోటలు ఎండిపోవడంలో గ్రీనింగుకు పెద్ద భాగం వున్నదని చెప్పింది. మన సిల్లా కూడా మోస్తుందని 1967లో కపూర్ బృందం చూపింది. అప్పటికింకా వైరస్ అనే అనుకొనేవారు. 1970లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అసలు జీవి కనబడింది. అది బాక్టీరియా అని తరువాత తేలింది.

ఆకు వండిన చక్కెర కిందికి దిగే నాళాల్లో ఇది కాపురం పెడుతుంది. దారి పూడిపోతుంది. ఆకులో పిండి పేరుకొంటుంది, వేరుకు మాత్రం పస్తు. సన్నవేళ్ళు చచ్చిపోతే నేలలో ఎంత వున్నా పైకి తెచ్చేదెవరు? ఆకులో సున్నం, మెగ్నీషియం, జింకు, మాంగనీసు తగ్గుతవి. పొటాషు మాత్రం తరచుగా హెచ్చుగా కనబడుతుంది! అంటే ఇక్కడి జింకు లోపం రోగానికి పుట్టిన బిడ్డే.

మరి గుర్తించేదెట్లా? లేత ఆకును నమ్మకండి. రోగపు చెట్టులో కూడా అది జింకు లోపం మాదిరే వుంటుంది. ముదురాకు కోసి, నడిమి ఈనె వెంట మడచి చూడండి. ఒట్టి లోపమైతే పసుపు రెండు సగాల్లోనూ జోడు కుదురుతుంది. గ్రీనింగైతే ఒక సగానికీ రెండవ సగానికీ పొంతన వుండదు. అనుమానమైతే పరిశోధనశాలలో పరీక్ష చేయించవలె.

జింకుతో ఆకు కొంత పచ్చబడవచ్చు, బాక్టీరియా చావదు. ఆ చెట్టు కళ్ళతో అంటు కట్టినా, దాని లేత చిగురు మీద సిల్లా వాలినా, రోగం పక్క సాలుకు పోతుంది. అన్నట్టు, ఈ సిల్లా మన పెరటి కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. చిగురు వేసినప్పుడు ఆ చెట్టును కూడా ఒకసారి చూచుకోండి.