అఖండదీపమును నిలిపినవారు



ద్రాక్షారామ భీమేశ్వరస్వామిని దర్శింపబోయినపుడు స్తంభములపైన, గోడలపైన చెక్కిన ప్రాచీనాక్షరములను మనము చూచెదము. చదువ శక్తిలేక, అవి మంత్రములేమో అని కన్నులకద్దుకొని వచ్చెదము. నిజమునకు అవి మంత్రములు కావు, చాలావరకు లెక్కలు. ఎవరు దీపము పెట్టిరి, దానికి ఎన్ని గొర్రెల నిచ్చిరి, దినమునకు ఎంత నేయి పోయవలెను, ఆ నేయి తెచ్చువాడెవడు అన్నవే అందలి విషయములు.

అట్టి శాసనములు అచ్చట వందల కొలది కలవు. అధికభాగము 11వ శతాబ్దికిని, ఆ తరువాతి కాలమునకును చెందినవి. రాజులు, రాణులు, మంత్రులు, దండనాయకులు, సెట్లు స్వామికి అఖండదీపములు సమర్పించిరి. దాత ధనమునిచ్చి ఊరకుండిన దీపము వెలుగదు గదా! 50కి అటునిటుగా గొర్రెలనో, కొన్ని ఆవులనో కొని ఒక పశుపాలకునకు అప్పగించెడివారు. మందను మేపుకొని, దాని పాలును పిల్లలును తాననుభవించి, నిత్యము కొలత ప్రకారము నేయి గుడికి చేర్చుట అతని బాధ్యత. ముసలివి చచ్చినను పిల్లలు పెరుగును గనుక మంద తరుగరాదు. అతని పిదప కొడుకులు, మనుమలు ఆచంద్రార్కము ఆ కొలత తప్పరాదు. వానలోనైనను, వరదలోనైనను నేయి రావలసినదే. అట్టి పశుపాలకుల పేర్లకు తుదిని “బోయ” అను మాట తరచు కనబడును.

శాసనము మొదట రాజు బిరుదములు బారులు తీరియుండును. బోయ పేరు చివరి పంక్తులలో ఎక్కడనో ఉండును. కాని దీపమును నిలిపినవాడు ఆ చివరివాడేయని మా అభిప్రాయము.

నేటి వరిచేలను చూచువారికి ఇచ్చట ఇన్ని మందలెట్లు మేసెనా అని సందేహము కలుగవచ్చును. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువల నీరు పారక పూర్వము ఈ సీమ రూపు వేరు.

ఇక తెలికివారి మాట. గానుగ నడిపి నూనె తీయు ఈ కులమువారు బెజవాడ ప్రాంతమున ఒక పెద్ద సంఘముగా నుండిరి. 11వ శతాబ్ది చివర, కులోత్తుంగచోళుని కుమారుడు రాజరాజ చోడగంగు వేంగిని పాలించుచు, పెండ్లి ఊరేగింపులో వధూవరులు గుఱ్ఱమెక్కి పోవుట మొదలగు గౌరవములను ఈ వంశములవారికి తామ్రశాసనముతో ప్రసాదించెను. గోదావరి సీమలోని టేకి గ్రామమున దొరకుటచే దానిని టేకి శాసనమందురు. గానుగ త్రిప్పిన చేతులకు రాజు చేసిన మర్యాద అది.

హారతికి కావలసిన కర్పూరము మాత్రము మన మందలలోను, గానుగలలోను పుట్టదు. అది ఓడలపై రావలెను. మునుపటి రాజులు గాలివానకు ఒడ్డునపడిన ఓడల సరకును బలిమిని హరించుచుండిరి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఆ అన్యాయమును మాన్పి, 30కి 1 వంతు సుంకము మాత్రమే కొందునని వర్తకులకు అభయమిచ్చెను. కర్పూరము, చందనము, పన్నీరు, ముత్యములు, పగడములు అందు పేర్కొనబడినవి. ఆ అభయశాసనము వెలసినది వీరభద్రస్వామి ఆలయముననే.

వర్తకులకు ఈ గౌరవము తరువాతి కాలమునను తగ్గలేదు. ద్రాక్షారామ మహిమను భీమేశ్వరపురాణముగా రచించిన శ్రీనాథ మహాకవియే తన హరవిలాసమును ఏ రాజునకును గాక అవచి తిప్పయసెట్టికి అంకితమొసగెను.