మాచ్‌లెస్ ముందు ఫోర్కు: ఒక చరిత్ర, ఒక రిపేరు

మన సంఘం సమావేశాలకు నేను వేసుకొచ్చే పాత మోటారు సైకిలును చూసి "ఇది బుల్లెట్టేనా?" అని అడిగిన మిత్రులు చాలామంది ఉన్నారు. కాదు. అది మాచ్‌లెస్ జీ-3ఎల్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం లండన్‌లోని ప్లమ్‌స్టెడ్‌లో తయారైన 350 సీసీ బండి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న వాహనాల్లో ఒకటిగా, వేలంలో చేతులు మారి మా నాన్నగారి దగ్గరకు వచ్చింది. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంపాదక మిత్రులు కోరారు. రాజులనూ రాజ్యాలనూ గురించి రాయగలవారు మనలో ఉన్నారు. నాకు చేతనైనది ఈ బండి ముందు ఫోర్కు చరిత్ర. దానికీ మా ఇంటికీ ఈమధ్య కొంత గొడవ జరిగింది కనుక రాయాలనిపించింది.

ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని హ్యాండిలు దాకా వెళ్లే రెండు కాళ్లనే ఫోర్కు అంటాం. 1930 ప్రాంతాల్లో బ్రిటిష్ మోటారు సైకిళ్లకు దాదాపు అన్నింటికీ గర్డర్ ఫోర్కు ఉండేది. పాత సినిమాల్లో చూసి ఉంటారు. హ్యాండిలు ముందు నిటారుగా ఒక పెద్ద స్ప్రింగు కనిపిస్తుంది. చక్రం గుంటలో పడితే ఫోర్కు మొత్తం నాలుగు చిన్న లింకుల మీద పైకి లేచేది. ఊగుడు ఆపడానికి పక్కన ఒక మర ఉండేది, చేత్తో బిగించుకోవాలి. ఆ లింకుల ఇరుసులు అరిగేవి. కానీ అరుగుదల కంటికి కనబడేది. గ్రీజు పెట్టి, నట్టు బిగించి, ఇంట్లోనే సరిచేసుకునేవారు.

1935లో జర్మనీలోని బీఎండబ్ల్యూ కంపెనీ ఆర్-12, ఆర్-17 బండ్లకు కొత్త రకం ఫోర్కు పెట్టింది. ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారుతుంది, స్ప్రింగు లోపలే ఉంటుంది, నూనె దాని ఊగుడును అదుపు చేస్తుంది. దీన్నే టెలిస్కోపిక్ ఫోర్కు అంటారు. గొట్టంలో గొట్టం పెట్టడం అంతకుముందే కొందరు చేశారు. నూనెతో అదుపు చేసే పద్ధతిని వరుసగా తయారయ్యే బండికి ఎక్కించింది మాత్రం బీఎండబ్ల్యూనే. ఆరేళ్ల తర్వాత, 1941లో, మాచ్‌లెస్ వారు అదే దారిలో 'టెలిడ్రాలిక్' అనే పేరుతో ఫోర్కు చేసి జీ-3ఎల్‌కు పెట్టారు. శత్రువు బండి నుంచి నేర్చుకుని, అదే యుద్ధంలో తమ సైనికులకు ఇచ్చారన్నమాట! బీఎస్ఏ వారి ఎం-20 లక్షకు పైగా తయారై యుద్ధమంతా గర్డర్ ఫోర్కుతోనే నడిచింది. తోవ సరిగా లేనిచోట్ల వార్తలు మోసుకెళ్లే సైనికులకు మాచ్‌లెస్ అంటే ఇష్టం ఉండటానికి ఈ ఫోర్కు ఒక ముఖ్య కారణం. యుద్ధం అయిన కొద్ది ఏళ్లలోనే ట్రయంఫ్, నార్టన్, బీఎస్ఏ అందరూ ఈ పద్ధతికే వచ్చారు. 1955లో మద్రాసు మోటార్స్‌తో కుదిరిన ఒప్పందంతో మన దేశంలో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు ఉన్నదీ ఇదే తరహా ఫోర్కు.

ఇందులో ఒక చిక్కుంది. కొత్త ఫోర్కు సుఖాన్ని ఇచ్చింది గాని, అరుగుదలను లోపల దాచేసింది. లోపలి గొట్టం కింది కొసన ఒక ఉక్కు బుష్షు, బయటి గొట్టం మూతి దగ్గర ఇంకొక బుష్షు ఉంటాయి. ఆ రెండింటి మీదే మొత్తం జారుడంతా. వాటిపైన నూనె కారకుండా ఒక సీలు. నూనె పాతబడితే, తగ్గితే, బుష్షులు అరగడం మొదలవుతుంది. బయటికి ఏమీ తెలియదు.

మా నాన్నగారు ఏటా దసరా ఆయుధపూజకు ముందు ఆ నూనె మార్చేవారు. ఉద్యోగపు రోజుల్లో నేను బండిని కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించి ఊరుకున్నాను. ఫోర్కులో నూనె ఉంటుందన్న సంగతే మరచిపోయాను. తప్పు నాదే.

ఫలితంగా బ్రేకు వేసినప్పుడల్లా ముందు నుంచి టక్కుమని చప్పుడు. మలుపులో చక్రం తన ఇష్టం వచ్చినట్టు పోయేది. ఒకరోజు కల్వర్టు మీద హ్యాండిలు ఊగిపోయి పడబోయాం. ఆ చప్పుడు పోయేదాకా ఎక్కనని వెనక కూర్చున్న మా ఆవిడ అక్కడే చెప్పేసింది. ఒక మెకానిక్కు అరిగిన బుష్షు చుట్టూ పల్చని రేకు చుట్టి, గేరుబాక్సులో పోసే 90 నంబరు నూనె పోసి పంపాడు. చప్పుడు నెల రోజులు ఆగింది. కానీ ఫోర్కు కర్రలా బిగుసుకుని గుంటల దెబ్బంతా మణికట్టుకు వచ్చేది. ఇంకొకరు మొత్తం తీసేసి బుల్లెట్ ఫోర్కు బిగిద్దామన్నారు. మాచ్‌లెస్ తయారుచేసిన ఏఎంసీ సంస్థే 1966లో కుప్పకూలింది, విడిభాగాలు ఎక్కడివి అన్నది వారి వాదన. కాదనలేం. మనసు మాత్రం ఒప్పలేదు.

సికింద్రాబాదు రాణీగంజ్‌లో లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ముందు చేసిన పని చెబుతాను, పాత బండి ఉన్నవారికి పనికొస్తుంది. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపమని, తాను రెండు గొట్టాలు కలిసే చోట వేలు పెట్టి చూశారు. హ్యాండిలు కింద బాల్ బేరింగులు వదులైనా ఇదే చప్పుడు వస్తుందట. వేలికి కదలిక తగిలితేనే తప్పు ఫోర్కుది. తగిలింది.

చక్రం, మడ్‌గార్డు తీసి నూనె వంచితే బురద వచ్చింది. మరతో బిగించిన మూత గొట్టం విప్పాక, బయటి గొట్టాన్ని పట్టి నాలుగైదుసార్లు గట్టిగా కిందికి గుంజారు. కింది బుష్షే సుత్తిలా కొట్టి పై బుష్షును, సీలును బయటికి తోసింది. విప్పడానికి వేరే పనిముట్టు అక్కర్లేకుండా చేసిన ఆ ప్లమ్‌స్టెడ్ ఇంజనీర్ల మీద నాకు గౌరవం కలిగింది. తర్వాత లోపలి గొట్టాలను అద్దం పలక మీద దొర్లించారు. ఒకటి కొద్దిగా వంకర, దాన్ని ప్రెస్సులో సరిచేశారు. మైక్రోమీటరుతో కొలిస్తే పై బుష్షు రాసుకునే చోట గొట్టం 6 థౌలు తగ్గింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంతేనా అనిపిస్తుంది గాని, చక్రం దగ్గరకు వచ్చేసరికి ఆ వదులు చాలా పెరుగుతుంది.

"సార్, దీనికి బుల్లెట్ ఫోర్కు ఎందుకు? గొట్టం బతికే ఉంది. బుష్షులు పోయినయ్, అంతే. అవి పోయేందుకే పెడ్తరు" అన్నారాయన.

గొట్టాలను గ్రైండింగు చేయించి, హార్డ్ క్రోమ్ వేయించి, మళ్లీ పాత కొలతకు గ్రైండింగు చేయించాము. ఇది సైలెన్సరుకు వేసే మెరుపు క్రోమ్ కాదు. ఆ మెరుపు పూత అయితే రాపిడికి పొరలుగా లేచి సీలును కోసేస్తుంది. పై బుష్షులు గన్ మెటల్‌తో కొత్తవి తిప్పారు, గొట్టం కన్నా 2, 3 థౌలు వదులు ఉండేట్టు. కింది ఉక్కు బుష్షులు కూడా కొత్తవే. పదహారు రోజులు పట్టింది. నూనె పల్చనిది, 20 నంబరు, రెండు కాళ్లకూ సమానంగా కొలిచి పోశాం.

చప్పుడు లేదు. అదే కల్వర్టు మీదుగా మా ఆవిడను ఎక్కించుకుని వెళ్లాను. ఆవిడ ఏమీ అనలేదు, భుజం మాత్రం పట్టుకునే ఉంది. ఎడమ కాలి సీలు దగ్గర ఇంకా కొంచెం నూనె చెమ్మ కనిపిస్తోంది. వానలు తగ్గాక దసరా లోపు ఆ ఒక్కటీ మళ్లీ విప్పాలి.