నాడి తప్పిన గుండెకు నడక



వైద్యుడు ఇంటికి రాగానే రోగి చేయి చాచుట మన పల్లెలలో పూర్వాచారము. తెలుగు వైద్యుడగు బసవరాజు కూర్చిన బసవరాజీయము నాడీపరీక్షతోనే ఆరంభమగును. ఆగియాగి నడచు నాడి ప్రాణహరమని శార్ఙ్గధరుడు చెప్పియున్నాడు. అట్టి మాట చెవిని బడిన రోగి మంచమెక్కి కదలకుండుట వింత కాదు. నాడి తప్పినవాడు కదలవచ్చునా, కదలరాదా? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

గుండెలో నాలుగు గదులు గలవు. పై రెండింటిని కర్ణికలనియు, క్రింది రెండింటిని జఠరికలనియు అందురు. కర్ణికలు ముడుచుకొని రక్తమును క్రిందికి నెట్టవలెను. కొందరిలో, ముఖ్యముగా వయస్సు మీరినవారిలో, అవి సరిగా ముడుచుకొనక గడగడ వణకుచుండును. అప్పుడు నాడి ఏ లెక్కకును అందక కొట్టుకొనును. దీనినే డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. వణకు కర్ణికలో రక్తము నిలిచి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము కలుగును. కావున ఇది అలక్ష్యము చేయదగిన జబ్బు కాదు.

వ్రేళ్ళకు తెలిసిన ఈ తడబాటును 1906లో హాలండు దేశీయుడగు ఐంథోవెన్ తన యంత్రముచే గీతగా గీచి చూపెను. దానికి మూలము కర్ణికల వణకే యని 1909లో లండనులో థామస్ లూయిస్, వియన్నాలో రోత్‌బర్గర్, వింటర్‌బర్గ్ అనువారు నిరూపించిరి.

జబ్బు తెలిసెను గాని భయము తీరలేదు. గుండెజబ్బనగానే మంచము దిగరాదనుట చిరకాలము వైద్యుల శాసనముగా నుండెను. డబ్లిన్ నగర వైద్యుడు విలియం స్టోక్స్ 1854లోనే కొందరు గుండెరోగులకు నడకను క్రమక్రమముగా పెంచుట మేలని వ్రాసెను. అయినను పడకయే గెలిచెను. 1952లో బోస్టనులో లెవీన్, లౌన్ అను వైద్యులు, గుండెపోటు వచ్చినవారిని వారములతరబడి పడుకొనబెట్టక కుర్చీలో కూర్చుండబెట్టి మేలు చూచిరి. కుర్చీ దాక వచ్చిన రోగి వీధిలోనికి వచ్చుటకు మరికొంత కాలము పట్టెను.

కర్ణికల వణకు విషయమున గట్టి పరీక్షలు ఇటీవలివే. నార్వే దేశమున 51 మంది రోగులతో జరిగిన పరిశోధన 2016లో వెలువడెను. అందు వారమునకు మూడుమార్లు చొప్పున 12 వారములు వ్యాయామము చేసినవారికి వణకు పట్టియుండు కాలము తగ్గెను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమున 120 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుచేత ఆరు నెలలు వ్యాయామము చేయించిరి. ఏడాది గడచునప్పటికి జబ్బు మరల రానివారు ఆ జట్టులో నూటికి సుమారు 40 మంది, రెండవ జట్టులో సుమారు 20 మంది మాత్రమే. జబ్బు అందరికిని పోలేదు, నిజమే. కాని మందుతోపాటు శ్రమయు చికిత్సలో భాగమేయని తేలెను.

అతి మాత్రము కూడదు. స్వీడను దేశమున మంచుపై 90 కిలోమీటర్లు సాగు పందెము గలదు. అందు పాల్గొన్న 52 వేలకు పైబడిన వారిని పరిశీలింపగా, పెక్కు పందెములు పూర్తిచేసినవారిలోను, మిక్కిలి వేగముగలవారిలోను నాడి తప్పుట హెచ్చుగా కానవచ్చెనని 2013లో ప్రకటించిరి.

ఇచ్చట మన సుశ్రుతుని మాట స్మరణీయము. వ్యాయామము తన బలములో సగము మేరకే చేయవలెననియు, మీరినచో హాని యనియు అతడు చెప్పెను. కర్ణికల సంగతి ఆతడెరుగడు, కాని కొలత ఎరుగును.

ఇనుప గొలుసులు తెంచిన కోడి రామమూర్తిగారి కీర్తి మనకు గర్వకారణమే. కాని ఈ రోగికి కావలసినది మల్లుని బలము కాదు, నిత్యపు నడక. గొల్లపల్లి, జగిత్యాల, కోరుట్ల సీమలలో మన తాతలు మోట తోలిరి, నాగలి వెంట నడచిరి, కొండగట్టు అంజన్న సన్నిధికి కాలినడకన పోయిరి. వ్యాయామమను పేరు లేకయే వారికి వ్యాయామము కలిగెను. నేడు నీటిని మోటారు తోడుచున్నది, దుక్కిని ట్రాక్టరు దున్నుచున్నది. బీడీలు చుట్టు తల్లులు ప్రొద్దస్తమానము చేట ముందు కూర్చుండుచున్నారు. పోయిన శ్రమను మనమే తెచ్చుకొనవలెను.

కనుక నాడి తప్పినవారు ముందుగా డాక్టరుచే పరీక్ష చేయించుకొని, ఎంత నడువవలెనో తెలిసికొనుడు. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చిన మందును, నడక సాగుచున్నదని మానకుడు. ప్రక్కవానితో మాటాడగలిగినంత వడిగా నడువుడు. రొమ్ము నొప్పి గాని, కన్నులు తిరుగుట గాని, మితిమీరిన ఆయాసము గాని కలిగినచో వెంటనే ఆగి వైద్యుని చూడుడు. ఇంటిలోని పిన్నలారా, పెద్దవారిని ప్రేమతో మంచమునకు కట్టివేయకుడు. చేయి పట్టుకొని వారితో నాలుగడుగులు నడువుడు.