షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ ఎంపిక: దుబ్బాక చేనేత దుకాణం

షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ అంటే ఆన్‌లైన్ దుకాణానికి గల్లాపెట్టె, చిట్టా పుస్తకం, అమ్మకం బల్ల అన్నీ కలిసిన ప్రోగ్రాము. సరుకును బొమ్మతో, ధరతో చూపడం, కొనేవారు ఎంచుకున్నవి ఒకచోట చేర్చడం, పన్ను, రవాణా ఖర్చు లెక్కగట్టడం, డబ్బు తీసుకోవడం, ఆర్డరు వివరాలు అమ్మేవారికి అందించడం దీని పని. ఒకే తరహా సరుకును తక్కువ పరిమాణంలో అమ్మే చిన్న దుకాణానికి ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుందన్నది ఆ సరుకు స్వభావాన్ని బట్టి తేలుతుంది. సిద్దిపేట జిల్లా దుబ్బాకలో నేసే చీరలు, బట్ట ఇందుకు మంచి ఉదాహరణ.

దుబ్బాక 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలోని పట్టణం. అంతకుముందు మెదక్ జిల్లాలో ఉండేది. చేనేత, బీడీల పని ఇక్కడి పాత జీవనాధారాలు. నూలు బట్టతోపాటు ఇటీవలి కాలంలో ఇక్కడి మగ్గాల మీద లినెన్ చీరలూ నేస్తున్నారు. జిల్లా కేంద్రం సిద్దిపేట పేరు చెప్పగానే గుర్తొచ్చేది గొల్లభామ చీర. తలమీద కుండతో నిలబడ్డ గొల్లభామ బొమ్మను అంచులోనో కొంగులోనో అదనపు పేక పోగులతో చేత్తో తేలుస్తారు. ఈ చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. గొల్లభామ సిద్దిపేట పేరుతో గుర్తింపు పొందిన నేత కాబట్టి, దుబ్బాక దుకాణం తన మామూలు నూలు చీరకు ఆ పేరు తగిలించడం తప్పు. సాఫ్ట్‌వేర్‌లో సరుకుల విభాగాలు పెట్టే రోజునే ఈ తేడా పాటించాలి.

ఒక్కటే ఉన్న చీర

మిల్లు బట్టకూ చేనేత చీరకూ లెక్కలో పెద్ద తేడా ఉంది. మిల్లు చీరలు ఒకే రంగులో వందలు ఉంటాయి. మగ్గం మీద ఒక పడుగుకు కొన్ని చీరలే వస్తాయి, వాటిలోనూ పేక రంగు, కొంగు మారితే ప్రతి చీరా వేరే సరుకే. అందుకే దుబ్బాకలాంటి చోట దుకాణపు జాబితాలో ఎక్కువ చీరల పక్కన ఉండే నిల్వ సంఖ్య 1. ఆ ఒక్కటే వాట్సాప్ గ్రూపులో ఒకరికి, ఎగ్జిబిషన్‌లో మరొకరికి, వెబ్‌సైట్‌లో ఇంకొకరికి ఒకే సమయంలో కనిపిస్తుంది. ఇద్దరు డబ్బు కడితే ఒకరికి క్షమాపణ చెప్పి డబ్బు తిరిగి పంపాలి. చిన్న దుకాణానికి ఇంతకంటే చెడ్డ రోజు ఉండదు. అలా పోయిన కొనుగోలుదారు నమ్మకం తగ్గింపు ధర ఇచ్చినా తిరిగి రాదు.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించినా మొదటి ప్రశ్న ఇది: బుట్టలో వేసుకున్న చీరను అది ఎవరికోసం, ఎంతసేపు ఆపి ఉంచుతుంది? చాలా కార్టులు బుట్టలో వేసినంత మాత్రాన సరుకును పక్కకు తీయవు. వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్లకు జోడించుకునే వూకామర్స్ కార్టులో డబ్బు కట్టని ఆర్డరుకు నిల్వను ఎన్ని నిమిషాలు పట్టి ఉంచాలో చెప్పే అమరిక ఉంది. మామూలుగా అది 60 నిమిషాలు. ఒకే చీర విషయంలో గంట చాలా ఎక్కువ. పది, పదిహేను నిమిషాలకు తగ్గిస్తే మనసు మార్చుకున్నవారి చేతిలో చీర చిక్కుకుపోదు. నెలనెలా అద్దె కట్టి వాడుకునే షాపిఫైలో ప్రతి సరుకు దగ్గరా నిల్వ అయిపోయినా అమ్మకం కొనసాగించాలా అనే గడి ఉంటుంది. అది ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం చీరకు ధర వేయడమంత ముఖ్యం. ఎగ్జిబిషన్‌లో అమ్మిన చీరను అక్కడికక్కడే ఫోన్‌లో తీసేయగలగాలి. అంటే కొనేవారికి కనిపించే పేజీ ఎంత బాగుందో చూసే ముందు, అమ్మేవారి వైపు తెర చిన్న ఫోన్‌లో ఎంత సులువుగా పనిచేస్తుందో పరీక్షించాలి. దుబ్బాకలో చాలా ఇళ్లలో కంప్యూటర్ ఉండదు. దుకాణం నడిచేది ఫోన్ మీదే.

థాన్ బట్ట అమ్మేవారికి మరో చిక్కు ఉంది. బట్ట రెండున్నర మీటర్లు కావాలంటారు. కార్టులేమో ఒకటి, రెండు, మూడు అని పూర్ణ సంఖ్యలే తీసుకుంటాయి. వూకామర్స్, షాపిఫై రెండూ అదనపు పొడిగింపు లేకుండా అరలు, పావులు ఒప్పుకోవు. దీనికి సులభమైన మార్గం అరమీటరును ఒక లెక్కగా పెట్టడం: అరమీటరు ధర రాసి, ఐదు అడిగితే రెండున్నర మీటర్లు అని వివరణలో స్పష్టంగా చెప్పడం. ఇందుకోసం నెలనెలా రుసుము కట్టి పొడిగింపు కొనవలసిన అవసరం చాలా దుకాణాలకు ఉండదు.

వివరాల గడులు కూడా చేనేతకు వేరుగా ఉండాలి. పడుగు నూలు, పేక నూలు, చీర పొడవు, జాకెట్టు ముక్క ఉందా లేదా, అంచు వెడల్పు, ఉతికే పద్ధతి ఒక్కోటీ విడి గడిలో ఉంటే కొనేవారు లినెన్ మాత్రమే చూపించమని వెతకగలరు. అన్నీ ఒకే పేరాలో కలిపి రాస్తే ఆ వీలు పోతుంది. 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్క్, 2015 ఆగస్టు 7న తొలి జాతీయ చేనేత దినోత్సవం నాడు ప్రారంభమైన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ వంటి గుర్తులు అనుమతి ఉన్న చీరకే కనిపించేలా, ప్రతి చీరకూ విడిగా పెట్టే వీలుండాలి.

ఎక్కడి నుంచి వచ్చాయి

ఈ కార్టుల చరిత్ర చిన్నది. 1995లో అమెరికాలో మొదలైన వయావెబ్, బ్రౌజర్‌లోనే దుకాణం కట్టుకునే వీలిచ్చిన తొలి సేవల్లో ఒకటి. 1998లో యాహూ దాన్ని కొనుక్కుంది. 2000లో జర్మనీ నుంచి ఓఎస్‌కామర్స్ వచ్చింది. షాపిఫై పుట్టుక ఈ వ్యాసానికి దగ్గరి విషయం: కెనడాలో టోబియాస్ లూట్కే, ఆయన మిత్రులు 2004లో మంచుమీద జారే పలకలు (స్నోబోర్డులు) అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం పెట్టబోయి, నచ్చిన సాఫ్ట్‌వేర్ దొరకక తామే రాసుకున్నారు. 2006 నుంచి దాన్నే ఇతరులకు అందించారు. వర్డ్‌ప్రెస్‌కు అనుబంధంగా 2011లో వూకామర్స్ వచ్చింది; 2015లో ఆటోమాటిక్ సంస్థ దాన్ని కొన్నది. 2008 నాటి మాజెంటోను 2018లో అడోబీ కొన్నది. అది పెద్ద సంస్థల స్థాయిది, యాభై చీరల దుకాణానికి బరువు. మన దేశంలో బెంగళూరు కేంద్రంగా ఇన్‌స్టామోజో, 2020లో దుకాన్ ఫోన్‌తోనే దుకాణం తెరిచే మార్గం చూపాయి.

ఖర్చు

ఉచితం అన్న మాటను విడదీసి చూడాలి. వూకామర్స్ ప్రోగ్రాముకు డబ్బు కట్టనక్కర్లేదు. కానీ డొమైన్ పేరు, హోస్టింగ్, తాజా మార్పులు ఎక్కించడం, పాడైతే బాగుచేయడం అమ్మేవారి నెత్తినే ఉంటాయి. షాపిఫైలాంటి అద్దె సేవలో ఆ బాధ్యతలు వారివి, నెలనెలా కట్టే అద్దె మనది. ఇంట్లో ఒక్కరికైనా వర్డ్‌ప్రెస్ చేతనైతే మొదటిదే మేలు. లేకపోతే అద్దె సేవ చవకే అవుతుంది.

డబ్బు వసూలు ఖర్చు వేరు. మూడు వేల రూపాయల చీరకు, కొనేవారి డబ్బును అమ్మేవారికి చేర్చే చెల్లింపు గేట్‌వే 2 శాతం తీసుకుంటుందనుకుంటే 60 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 10 రూపాయల 80 పైసలు. కొన్ని సాఫ్ట్‌వేర్లు దీనిపైన తమ వాటా కూడా అడుగుతాయి. అది కూడా 2 శాతమైతే మరో 60. నేసినవారికి దక్కే కూలిలోంచి పోయే డబ్బిది, కాబట్టి ప్రతి రూపాయీ కాగితం మీద వేసుకోవాలి. యూపీఐ 2016లో వచ్చింది. 2020 జనవరి నుంచి దానిపై వ్యాపారి రుసుము లేదు. అయినా గేట్‌వే సేవారుసుము అడుగుతుందేమో ముందే తేల్చుకోవాలి. కార్డు నంబర్లను దుకాణం దాచుకోవడాన్ని రిజర్వ్ బ్యాంకు 2022 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. నంబర్లు నిల్వచేసే పాత కార్టును ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

ఖర్చుతోపాటు చట్టం అడిగేవీ చూసుకోవాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. ముందే టిక్కు పెట్టిన అంగీకార గడులు ఉండకూడదు. ఆ నియమాలు కోరే అమ్మేవారి పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపే పేజీ లేని రెడీమేడ్ నమూనాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

సొంత కార్టు అసలే వద్దనుకునేవారికి కేంద్ర జౌళి శాఖవారి ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్ ఉంది. అది నేతగాళ్ల దగ్గర కమీషన్ తీసుకోదు. చేనేత సహకార సంఘాలను కొనేవారితో కలపడానికి బెంగళూరులో పుట్టిన గోకూప్ మరో దారి. అయితే కొనేవారి ఫోన్ నంబరు, ఏ రంగులు ఇష్టపడతారన్న సంగతి పోర్టల్ దగ్గరే ఉండిపోతాయి. మళ్లీ మళ్లీ కొనేవారిమీద బతికే చీరల దుకాణానికి ఇది చిన్న లోటు కాదు.

విదేశాలకు పంపడం

అమెరికా, గల్ఫ్ దేశాల్లోని తెలుగువారు ఈ చీరలకు సహజమైన కొనుగోలుదారులు. ఎగుమతికి ఐఈసీ (దిగుమతి-ఎగుమతిదారు కోడ్) సంఖ్య తీసుకుంటే, డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా తపాలా శాఖలోనే పార్సిల్ పంపవచ్చు. కార్టులో దేశాన్ని బట్టి రవాణా ధర మార్చే వీలుతోపాటు ఒక దేశాన్ని తాత్కాలికంగా ఆపేసే వీలూ ఉండాలి. 2025 ఆగస్టు చివర అమెరికా చిన్న పార్సిళ్లకు సుంకం మినహాయింపు ఎత్తేయడంతో తపాలా శాఖ అక్కడికి బుకింగ్ నిలిపివేసి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. ఆ వారాల్లో అమెరికా పేరును జాబితాలోంచి తీయలేని దుకాణం డబ్బు తీసుకుని చీర పంపలేని స్థితిలో పడేది.

వదిలి వెళ్లే దారి

సాఫ్ట్‌వేర్‌ను మార్చుకోవలసిన రోజు దాదాపు ప్రతి దుకాణానికీ వస్తుంది. మాజెంటో మొదటి తరానికి 2020 జూన్‌లో మద్దతు ఆగిపోయినప్పుడు ప్రపంచమంతటా దుకాణాలు తరలిపోవలసి వచ్చింది. సరుకుల జాబితా, కొనుగోలుదారుల వివరాలు, పాత ఆర్డర్లు మూడింటినీ సీఎస్‌వీ (పట్టిక) ఫైలుగా దించుకునే వీలుందా అన్నది డబ్బు కట్టకముందే, ఉచిత ప్రయోగకాలంలోనే పరీక్షించాలి. ఐదారు చీరలు ఎక్కించి, ఒక ఆర్డరు పెట్టి, ఫైలు దించి తెరిచి చూస్తే చాలు: తెలుగు అక్షరాలు చెదరకుండా ఉన్నాయా, ప్రతి చీర పక్కనా దాని నిల్వ 1 అనే ఉందా తెలిసిపోతుంది. ఫొటోలు మాత్రం చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ ఫైలులో రావు, లంకెలే వస్తాయి. చీర సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టి అసలు ఫొటోలను దుకాణంవారు విడిగా దాచుకోవాలి.