లతీఫా ఖానమ్: అర్ధ శతాబ్దపు మౌనం

చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రె షహ్వార్ పేరు హైదరాబాదు వాసులకు పరిచితమే. 1924 మార్చి 3న అంకారాలోని మహాసభ ఖిలాఫతును రద్దు చేయగా పదేళ్ళ ఆ బాలిక తండ్రితోపాటు ప్రవాసం వెళ్ళింది. 1931లో ఏడవ నిజాము పెద్ద కుమారుడు ఆజమ్ జాహ్‌ను వివాహమాడి మన నగరానికి కోడలయింది. ఆ రద్దుకు ముఖ్య కారకుడైన ముస్తఫా కమాల్ ఇంట్లో ఆనాడు మరొక విద్యావతి ఉండేది. ఆమె పేరు లతీఫా. ఆమెను గురించి మనలో తెలిసినవారు తక్కువ.

లతీఫా ఇజ్మీర్ నగరంలోని సంపన్న వర్తకుడు ముఅమ్మర్ ఉష్షాకీ కుమార్తె. పారిస్‌లో న్యాయశాస్త్రం చదివింది. 1922 సెప్టెంబరులో తుర్కీ సేనలు ఇజ్మీర్‌ను గ్రీకుల నుండి తిరిగి పొందినపుడు ముస్తఫా కమాల్ ఆమె ఇంట విడిది చేశాడు. 1923 జనవరి 29న ఇజ్మీర్‌లోనే వారి నికాహ్ జరిగింది. వధూవరులిద్దరూ ఒకే బల్ల వద్ద ఖాజీ ఎదుట కూర్చున్నారు. ఆ దేశానికి అది కొత్త. వాయిదా మహర్ మాత్రం పాత పద్ధతిలోనే, హనఫీ ఫిఖ్హ్ నిర్ణయించిన కనీస మొత్తం: పది దిర్హముల వెండి.

అంకారాలో ఆమె భర్తకు కార్యదర్శిగా, అనువాదకురాలిగా పనిచేసింది. తలపై వస్త్రం, ముఖానికి ముసుగు లేకుండా ఆయనతో ఊరూరా పర్యటించింది. కాని రాత్రి పొద్దుపోయేవరకు సాగే మద్యపు విందులు ఆమెకు సరిపడలేదు. ఆమె మాట కూడా కటువైనదేనని చెప్పినవారున్నారు. 1925 ఆగస్టు 5న విడాకులు జరిగాయి. ఆ సంగతిని ప్రభుత్వమే ప్రకటించింది.

ఇక్కడ చరిత్రకారుడు ఒక్క క్షణం ఆగవలసి ఉంది. స్విట్జర్లాండు చట్టం ననుసరించిన నూతన పౌరస్మృతిని మహాసభ ఆమోదించినది 1926 ఫిబ్రవరి 17న. అది భర్త ఏకపక్షంగా ఇచ్చే తలాఖ్‌ను రద్దు చేసింది. అంటే, తుర్కీ స్త్రీలకు ఆ రక్షణ కల్పించే స్మృతి ఆమోదం పొందడానికి ఆరు నెలల ముందు, ఆ సంస్కరణకు సారథియైన వాని భార్య పాత పద్ధతిలోనే పుట్టింటికి చేరింది.

దీన్ని చూపి ఎదుటివారిని ఎగతాళి చేయడం మనకు సులభం. కాని ఆయన వినియోగించుకున్న సౌలభ్యం మన ఇళ్ళలోనూ దుర్వినియోగమవుతున్నదే. విడిపోవలసివస్తే మంచితనంతో విడిపొమ్మన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని ఆయనతోపాటు మనమూ మరచినవారమే.

ఆ తరువాత లతీఫా మళ్ళీ వివాహమాడలేదు. స్మృతులు ప్రకటించలేదు. 1938లో ఆయన మరణించిన పిదప కూడ నోరు విప్పలేదు. 1975 జూలై 12న ఇస్తాంబుల్‌లో కన్నుమూసింది. ఆమె లేఖలు, కాగితాలు తుర్కీ చరిత్ర పరిషత్తు అధీనంలో చాలాకాలం మూసి ఉంచబడ్డాయి. 2005లో గడువు ముగిసినా, కుటుంబం కోరిక మేరకు వాటిని బహిరంగపరచలేదు. మరుసటి సంవత్సరం ఆమె జీవితచరిత్ర వ్రాసిన ఇపెక్ చాలిష్లర్‌పై, అతాతుర్క్‌ను అవమానించిందన్న అభియోగం మోపబడి, చివరకు కొట్టివేయబడింది.

భార్యాభర్తల రహస్యం అమానతు అని మన పెద్దలు బోధించారు. తనను విడిచిన భర్త విషయంలోనూ, సుమారు యాభై ఏళ్ళపాటు, ఆ అమానతును నిలుపుకున్న స్త్రీ ఈమె. ఖిలాఫతు రద్దుపై మన తీర్పు ఏదైనప్పటికీ, ఆ ఇంటి ఇల్లాలికి చెందవలసిన గౌరవాన్ని నిరాకరించడం న్యాయం కాదు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక.