గుడ్డ కింది ఎడమచెయ్యి

బియ్యం బస్తా మూతి విప్పడం మా ఇంట్లో ఎప్పుడూ నా పనే. చివరన ఒక పోగు కత్తిరించి, సరైన వైపు నుంచి లాగితే జర్రుమని కుట్టంతా ఒక్క ఊపున ఊడొస్తుంది. వైపు తప్పితే ఎంత పీకినా ఇంకా బిగుసుకుంటుందే తప్ప ఊడదు. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే అయినా, ఆ కుట్టుకు ఒక పేరుందని, దాని వెనక ఇంత కథ ఉందని మొన్నటిదాకా తట్టలేదు.

మా పై వాటాలో ఒకావిడ మగ్గం వర్క్ నేర్పుతారు. చెక్క ఫ్రేముకు జాకెట్టు గుడ్డను బిగించి కట్టి, దాని చుట్టూ నలుగురైదుగురు ఆడపిల్లలు కూచుంటారు. ఒకరోజు ఏదో పని మీద వెళ్లేసరికి, ఒక పిల్ల వరసంతా కుట్టి, చివర ముడి వేయడం మరిచిపోయి దారం లాగింది. గంటసేపు పడ్డ కష్టం రెండు క్షణాల్లో మాయమైంది. "బియ్యం బస్తా ఊడినట్టు ఊడిపోయింది మేడం" అంది ఏడుపు గొంతుతో. "రెండూ ఒకటే కుట్టు కదమ్మా, గొలుసు కుట్టు" అన్నారావిడ తాపీగా.

ఆ మాట పట్టుకుని పుస్తకాల వెంట పడితే తేలిన సంగతి నన్ను కుర్చీలో కుదురుగా కూచోనివ్వలేదు. రోజువారీ పనికి పెట్టిన తొలి కుట్టుమిషను, ఆ పిల్ల చేతిలోని కొక్కెం సూదిని చూసి చేసిందే!

ఆ సూదిని ఆరీ అంటారు. దానికి కన్ను ఉండదు, కొసన చిన్న కొక్కెం ఉంటుంది. కుడిచెయ్యి పైనుంచి సూదిని గుచ్చుతుంది. గుడ్డ కింద ఎడమచెయ్యి దారం పట్టుకుని కాచుకుని ఉంటుంది. సూది దిగగానే దారాన్ని కొక్కేనికి చుడుతుంది. సూది పైకొస్తూ ఒక ఉచ్చు తెస్తుంది. ఆ ఉచ్చులోంచే మళ్లీ దిగి ఇంకో ఉచ్చు తెస్తుంది. సూదికి దారం ఎక్కించే పని లేదు, రీలు అయ్యేదాకా ఆపే పనీ లేదు. పైన గొలుసు పరుచుకుంటూ పోతుంది. చూసేవాళ్ల కళ్లన్నీ కుడిచేతి మీదే ఉంటాయి గానీ, సగం పని కింది చేతిదే.

సంస్కృతంలో 'ఆరా' అంటే చెప్పులు కుట్టేవాళ్లు తోలును గుచ్చే సాధనం. గుజరాత్, కచ్ ప్రాంతాల మోచీలు, అంటే చెప్పులు కుట్టేవాళ్లు, తోలు మీద వాడిన ఈ కొక్కేన్నే పట్టు మీదికీ నూలు మీదికీ తెచ్చారు. గుజరాత్‌లో ఎర్రటి, నీలిరంగు తోలు చాపల మీద వెండి బంగారు తీగతో కుట్టిన పనిని 13వ శతాబ్దంలోనే మార్కో పోలో మెచ్చుకున్నాడు. తర్వాత మూడు నాలుగు వందల ఏళ్లు ఒక్క అంగలో దాటితే, 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ గుజరాత్ గొలుసుకుట్టు తెరలను ఓడల్లో ఇంగ్లండుకు పంపుతూ కనిపిస్తుంది. అలాంటివి ఇవాళ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. కుట్టినవాళ్ల పేర్లు వాటి మీద లేవు.

18వ శతాబ్దం నడిమికి ఈ తూర్పు పనితనం ఫ్రాన్సులో పెద్ద మోజైంది. గుడ్డను డోలు మీద తోలులా బిగిస్తారు కాబట్టి అక్కడ దానికి టాంబూర్ అని పేరు. ఫ్రెంచిలో డోలు అనే అర్థం. పదిహేనో లూయీ రాజు ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ ఆ ఫ్రేము ముందు కూచున్న బొమ్మను ద్రూయే అనే చిత్రకారుడు గీశాడు. 1764లో ఆవిడ పోయాకగానీ అది పూర్తి కాలేదు. చెప్పులు కుట్టే సూది కొన్ని చేతులు మారి రాజభవనానికి వెళ్లి కూచుంది.

రాజభవనాల మోజు పోయాక కూడా లియోన్ నగరం పక్క కొండల్లోని పల్లెల్లో ఆడవాళ్లు తరార్ ఊరి మస్లిన్ బట్ట మీద ఈ కుట్టుతోనే పొట్టపోసుకునేవాళ్లు. నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఇక్కడే ఎదురయ్యాడు. బార్తెలెమీ తిమొనియే అని పేద దర్జీ, 1793లో పుట్టినవాడు. ఆ ఆడవాళ్ల చేతులనే చూస్తూ చూస్తూ, సాంతెతియెన్ ఊళ్లో కర్రతో ఒక మిషను చేశాడు. కాలితో తొక్కితే కొక్కెం సూది కిందికి దిగుతుంది. దారం చుట్టడానికి గుడ్డ కింద ఒక చిన్న మర. ఆ మర ఏమిటంటారా? ఆ ఆడవాళ్ల ఎడమచెయ్యే. 1830లో పేటెంటు వచ్చింది.

ఆ వెంటనే పారిస్‌లో ఎనభై మిషన్లతో సైనికుల దుస్తులు కుట్టే కార్ఖానా తెరిచారు. 1831 జనవరిలో దర్జీల గుంపొకటి లోపలికి చొరబడి మిషన్లను విరగ్గొట్టింది. ఆ దర్జీల మీద నాకు కోపం రాదు. రోజంతా సూది పట్టుకుంటేగానీ రొట్టె దొరకనివాడికి ఆ మిషను ఎలా కనబడి ఉంటుందో ఊహించగలను. తిమొనియే కూడా దర్జీయే, అదే నాకు బాధ. పారిస్ వదిలిపోయినవాడు కొన్నాళ్లకు మళ్లీ అక్కడికే వెళ్లి, ఈసారీ నిలవలేక, 1836లో మిషనును వీపున వేసుకుని సొంతూరు ఆంప్లెప్వికి వందల కిలోమీటర్లు నడిచాడని చెబుతారు. దారిలో ఊరూరా దాన్ని వింతలా చూపించి, వచ్చిన చిల్లరతో తిన్నాడట. అయినా వదల్లేదు. 1845 నాటికి నిమిషానికి రెండొందల కుట్లు వేసే మిషను చేశాడు. 1851 లండన్ మహాప్రదర్శనకు దాన్ని పంపిస్తే ఆలస్యంగా చేరి, న్యాయనిర్ణేతల కంటపడలేదు. 1857లో పేదరికంలోనే పోయాడు.

అమెరికాలో వాల్టర్ హంట్ 1830లలోనే రెండు దారాలతో కుట్టే మిషను చేసి, కుట్టుపని చేసుకునే ఆడవాళ్ల కూడు పోతుందని పేటెంటు తీసుకోలేదంటారు. మనం వాడే పిన్నీసు కూడా ఈయనదే, 1849లో. ఆ హక్కును 400 డాలర్లకు అమ్మేశాడు. 1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. మన ఇళ్లలోని కుట్టుమిషను వీళ్ల దారిలోది. సూది మొనలోనే కన్ను, కింద బాబిన్, రెండు దారాలూ ఒకదాన్నొకటి పట్టుకునే కుట్టు. ఒక చివర లాగితే ఊడిపోయే భయం లేదు. గొలుసు కుట్టు ఓడిపోయింది అక్కడే.

సింగర్ కంపెనీ వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టాక మిషను మామూలు ఇళ్లలోకి వచ్చింది. యంత్రాలను అంతగా వద్దన్న గాంధీజీ సైతం 1924లో కుట్టుమిషనును మినహాయించారు. భార్య కుట్లు వేస్తూ పడే అవస్థ చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. సింగర్ జీవితం అలాంటిది కాదు, ఎక్కడా నిలకడ లేని నాటకాల మనిషి. ఇల్లు గడవడానికి కుట్టుపని చేసిన భార్య హోవేకి ఉండేదంటారు. అయినా గాంధీజీ మాటలో ఒక సత్యం ఉంది. మిషను వెనక ఎప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి వంగి కూచుని ఉంటుంది.

ఓడిపోయిన గొలుసు కుట్టు ఊరుకోలేదు. 1860లలో బొనాజ్ అనే ఫ్రెంచాయన కొక్కెం సూదితోనే ఎంబ్రాయిడరీ మిషను చేశాడు, కోర్నెలీ దాన్ని తయారు చేసి అమ్మాడు. ఊడిపోవడమే మేలనుకునే చోట, అంటే బియ్యం బస్తా మూతి మీద, ఇప్పటికీ గొలుసు కుట్టుదే రాజ్యం. అసలైన ఆరీ పెళ్లి జాకెట్ల మీద జర్దోసీ, కట్ బీడ్స్, కుందన్లతో కలిసి తెలుగిళ్లకు వచ్చింది.

ఇప్పుడు కంప్యూటర్ మిషన్లు మగ్గం వర్క్‌ను పోలిన జాకెట్లు గంటల్లో కుట్టి పడేస్తున్నాయి. పైనుంచి చూస్తే మా మేడం కూడా ఒక్కోసారి క్షణం ఆగుతారు. తిప్పి చూస్తే తెలిసిపోతుంది. వెనక బాబిన్ దారం తెల్లగా పరుచుకుని, కాగితం అంటుకుని ఉంటుంది. చేత్తో వేసిన గొలుసు వెనక ఒకే దారం, గీత గీసినట్టు. ధర తక్కువని జనం మిషను జాకెట్టే కొంటుంటే వాళ్లను తప్పుపట్టలేను. కానీ నెలల తరబడి నేర్చుకున్న వేళ్లకు ఆ ధరతో పోటీ పెట్టడం అన్యాయమని మాత్రం గట్టిగా అనిపిస్తుంది. తిమొనియే కర్రముక్కలతో అనుకరించింది ఆ వేళ్లనే కదా.

నిన్న మళ్లీ పైకి వెళ్లాను. ఆ పిల్ల ఫ్రేము కిందికి మెడ వంచి, ఎడమచేతిలో దారం ఎక్కడుందో తొంగి చూస్తోంది.

"కిందికి చూడకమ్మా, పైన గీత చూడు. చేతికి అదే తెలుస్తుంది" అన్నారు మేడం.

పిల్ల మెడ ఎత్తి, సూది గుచ్చింది.