ఆపరేషన్ బల్ల మీద మెదడుకు ప్రాణవాయువు

పూర్తి మత్తు ఇచ్చి చేసే శస్త్రచికిత్సల్లో రోగి మెదడుకు ఆక్సిజన్ లోటు రాకుండా చూడడం మత్తు డాక్టరు బాధ్యతల్లో మొదటిది. ఒంటి బరువులో మెదడు వంతు సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు దానికే పోతుంది. నిల్వ చేసుకునే వసతి మెదడుకు లేదు. రక్తప్రసరణ పూర్తిగా ఆగితే సుమారు 10 సెకన్లలో స్పృహ తప్పుతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే కణాలు కోలుకోలేనంతగా దెబ్బతినడం మొదలవుతుంది. మెలకువగా ఉన్న మనిషి ఊపిరాడకపోతే గిలగిల్లాడతాడు, పక్కవాళ్లను పిలుస్తాడు. మత్తులో ఉన్నవాడు ఏమీ చెప్పలేడు. కండరాలు సడలించే మందు పడ్డాక సొంతంగా ఊపిరి కూడా తీసుకోలేడు.

హైదరాబాద్‌లో నడిచిన వాదం

మత్తులో ప్రాణం పోయేది ఊపిరి ఆగడం వల్లనా, గుండె ఆగడం వల్లనా? 19వ శతాబ్దం చివర ఈ ప్రశ్న మీద ప్రపంచ వైద్యులు హైదరాబాద్ వైపు చూశారు. జేమ్స్ సింప్సన్ 1847లో ఎడిన్‌బరోలో వాడకంలోకి తెచ్చిన మత్తుమందు క్లోరోఫాం అప్పటికి ఎందరి ప్రాణాలనో తీసింది. హైదరాబాద్ వైద్య పాఠశాలకు పెద్దగా ఉన్న సర్జన్ ఎడ్వర్డ్ లారీది ఒకటే మాట: నాడి కాదు, శ్వాస చూడండి. 1888లో ఆయన పూనికతో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ప్రయోగాలు చేసింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ వాటిని నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా, 1889లో వైద్యుడు లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చి రెండో కమిషన్‌లో కూర్చున్నారు. వందల కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు జరిగాయి. ముందు ఆగేది శ్వాసే, గుండె తర్వాతే అని తేల్చారు.

అది సగం నిజం. తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో వైద్యుడు గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చూపించాడు. ఈనాటి మత్తు వైద్యం రెండు వైపులా కాపలా కాస్తుంది: రక్తంలోకి ఆక్సిజన్ చేరాలి, ఆ రక్తం మెదడుకు చేరాలి. లారీ రోజుల్లో ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా లెక్కిస్తారు.

ముందుగా మూడు నిమిషాలు

మత్తు ఎక్కించే ముందు ముక్కూ నోరూ కప్పే మాస్కును గట్టిగా అదిమి పట్టి, మూడు నిమిషాల పాటు శుద్ధమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఊపిరితిత్తుల్లోని నైట్రోజన్ బయటికి పోయి, ఆ జాగా ఆక్సిజన్‌తో నిండుతుంది. మామూలు గాలి పీల్చిన మనిషికి శ్వాస ఆగితే నిమిషం, రెండు నిమిషాల్లోనే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ఇలా నింపుకున్న ఆరోగ్యవంతుడికి దాదాపు 8 నిమిషాల గడువు దొరుకుతుంది. గొంతులోకి గొట్టం వేయడం ఆలస్యమైనా ఆ గడువే కాపాడుతుంది. గర్భిణులకు, పసిపిల్లలకు, స్థూలకాయులకు ఈ వ్యవధి బాగా తక్కువ.

వేలి క్లిప్పు చెప్పేది, చెప్పనిది

కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్‌కు మూలసూత్రం కనిపెట్టింది జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి, 1970లలో. ఎర్ర వెలుతురు, కంటికి కనిపించని పరారుణ కిరణం వేలిలోంచి దూరి వచ్చే తీరునుబట్టి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని లెక్క కడుతుంది. ఆషాఢంలో గోళ్లకు ముదురుగా పండిన గోరింటాకు ఈ వెలుతురుకు అడ్డు పడవచ్చు. అప్పుడు క్లిప్పును చెవి తమ్మెకు మారుస్తారు.

తెర మీద 99 కనిపించినంత మాత్రాన మెదడు క్షేమమని కాదు. హిమోగ్లోబిన్ 14 ఉన్నవాడికీ, 7 ఉన్నవాడికీ అదే 99 చూపిస్తుంది. రెండోవాడి రక్తం మోసేది సగం ఆక్సిజనే. ఇక రక్తపోటు పడిపోతే ఉన్నది కూడా పైకి చేరదు. పెద్ద కాలవ నిండా నీళ్లున్నా లాకు దించేస్తే దివిసీమ శివారు చేను ఎండుతుంది కదా!

రక్తపోటు, కార్బన్ డయాక్సైడ్

సగటు రక్తపోటు సుమారు 60 నుంచి 150 మధ్య ఉన్నంతవరకు మెదడు తన రక్తనాళాలను సవరించుకుని ప్రవాహాన్ని నిలకడగా ఉంచుకుంటుందని పుస్తకాల లెక్క. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఈ హద్దులు పైకి జరుగుతాయి. ఇంకొకరికి సరిపోయే 65 వాళ్లకు చాలకపోవచ్చు. కూర్చోబెట్టి చేసే భుజం ఆపరేషన్‌లో మరో చిక్కుంది. చేతి పట్టీ కన్నా మెదడు 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే అక్కడ పోటు సుమారు 15 తగ్గుతుంది. పట్టీ 65 చూపిస్తుంటే మెదడు దగ్గర ఉన్నది 50 మాత్రమే.

వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రాఫ్, గొట్టం శ్వాసనాళంలో ఉందో, అన్నవాహికలోకి జారిందో క్షణాల్లో చెప్పేస్తుంది. వెంటిలేటర్ అతిగా గాలి ఊది ఈ వాయువు ఒత్తిడిని 40 నుంచి 30కి దించితే మెదడు నాళాలు ముడుచుకుని, రక్తప్రవాహం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. అవసరానికి మించి ఊదడం కూడా కీడే.

నుదుటి మీద పట్టీలు

గుండె ఆపరేషన్లలో, మెడ రక్తనాళాల ఆపరేషన్లలో నుదుటికి రెండు వైపులా పట్టీలు అంటిస్తారు. పరారుణ కాంతి పుర్రె దాటి మెదడు పైపొరలోని ఆక్సిజన్‌ను అంచనా వేయగలదని 1977లో శాస్త్రవేత్త ఫ్రాన్స్ యోబ్సిస్ చూపించాడు. సాధారణంగా 60-75 మధ్య ఉండే ఈ అంకె మొదటి కొలత కన్నా 20 శాతం పడితే డాక్టరు వరసగా వెతుకుతాడు: తల పక్కకు తిరిగి మెడ సిర నొక్కుకుందా, రక్తపోటు తగ్గిందా, కార్బన్ డయాక్సైడ్ పడిందా, రక్తం పోయిందా? అయితే ఈ పట్టీల వల్ల ఆపరేషన్ తర్వాతి పక్షవాతం, మతిమరుపు తగ్గుతాయని గట్టి రుజువు ఇంకా లేదు.

బృహద్ధమని వంపును బాగుచేసేటప్పుడు కాసేపు రక్తప్రసరణనే ఆపాల్సి వస్తుంది. ఒళ్లు ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ మెదడు అవసరం 6-7 శాతం తగ్గుతుంది. అందుకే 18-20 డిగ్రీల దాకా చల్లార్చే పద్ధతి ఉంది.

మొవ్వ నుంచి వెళ్లే రోగికి

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోనే, కూచిపూడిలో, ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర కట్టించిన సంజీవని ఆసుపత్రి ఉంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పెద్ద కేసులు విజయవాడ చేరతాయి. ఎక్కడ చేయించుకున్నా మత్తు డాక్టరుకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: వేసుకుంటున్న బీపీ, షుగరు బిళ్లలు, పాత పక్షవాతం, రక్తహీనత, ఆయాసం, రాత్రిళ్లు ఊపిరి ఆగేంత గురక, కదిలే పళ్లు. పొద్దున తిన్న ఒక్క ఇడ్లీ సంగతి కూడా దాచకూడదు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఆక్సిజన్‌కు దారి మూసుకుపోతుంది. తేలికపాటి తిండికి కనీసం 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు ఎడం ఉండాలి. ఏ బీపీ బిళ్ల ఆ ఉదయం వేసుకోవాలో, ఏది మానాలో డాక్టరునే అడగండి, సొంతంగా ఆపేయకండి.